భక్తభైరవ గిరీశచంద్రుడు

శ్రీరామకృష్ణ పరమహంసుల గృహస్థశిష్యులలో గిరీశచంద్ర ఘోషు పేరు విననివారు మన పాఠకులలో అరుదు. అయితే ఆయనను గూర్చి సామాన్యముగా చెప్పుకొను కథ మిక్కిలి పొట్టిది. త్రాగుబోతైన నాటకకర్త ఒకడుండెను, గురుదేవుల కృప కలిగెను, అతడు మహాభక్తుడయ్యెను. అంతటితో కథ ముగియును. ఇట్లు చెప్పుటవలన కృపయొక్క మహిమ వెల్లడియగునేమో గాని, గిరీశుడు పడిన పాటు మరుగున పడిపోవుచున్నది. గురుదేవులను ఆశ్రయించిన పిమ్మట అతడు ఇంచుమించు 27 సంవత్సరములు జీవించెను. ఆ కాలమంతయు నాటకశాల తలుపులు వేళకు తెరువవలసియుండెను. నటీనటుల జీతములకు దారి చూడవలసియుండెను. ఇంటిలోని వారిని ఒకరి వెనుక ఒకరిని శ్మశానమునకు సాగనంపవలసి వచ్చెను. వీటన్నిటి నడుమనే, ఏండ్ల తరబడి అలవడిన పానమును విడువవలసియుండెను. ఈ వ్యాసమున ఆ భాగమునే కొంత విపులముగా చెప్పదలచితిని.

గిరీశుడు 1844 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తా నగరమున బాగ్‌బజారులో జన్మించెను. తండ్రి నీలకమల్ ఘోషు వర్తక సంస్థలో లెక్కలు వ్రాయువాడు. జమాఖర్చులయందు ఆరితేరినవాడని పేరు. తల్లి రాయిమణి. ఆ దంపతులకు గిరీశుడు ఎనిమిదవ సంతానము. పెద్దకొడుకు పోయిన పిదప ఆ తల్లి తన ప్రేమయే బిడ్డలకు కీడుచేయుచున్నదని భయపడి, గిరీశుని చేరదీయక కసరుచుండెడిది. ఆ కాఠిన్యమునకు కారణము బాలునికి తెలియదు. ఒకమారు తీవ్రముగా జబ్బుపడి పడుకొనియున్నప్పుడు, తల్లి చాటున తండ్రితో చెప్పుకొని ఏడ్చుట విని తెలిసికొనెను. పదునొకండవ ఏట తల్లి పోయెను. పదునాలుగవ ఏట తండ్రి పోయెను. ఇంటి భారము అక్కగారైన కృష్ణకిశోరి పైన పడెను. తమ్ముని ఒక ఇంటివానిని చేసినచో కుదురుకొనునని ఆమె తలచి, మరుసటి యేడే ప్రమోదిని అను కన్యతో వివాహము జరిపించెను.

కుదురు మాత్రము కలుగలేదు. 1862లో ప్రవేశపరీక్ష తప్పుటతో పాఠశాల చదువు ముగిసెను. గ్రంథాలయములలో కూర్చుండి ఆంగ్లసాహిత్యమును, పురాణములను, శాస్త్రములను తనంత తానే చదివెను. తోడివారితో కలసి త్రాగుటయు ఆ వయస్సుననే అలవడెను. మామగారు అల్లుని తాను పనిచేయు ఆట్కిన్‌సన్ టిల్టన్ కంపెనీలో లెక్కలపనికి చేర్చెను. పగలు చిట్టా ఆవర్జాలు, రాత్రి నాటకములు, మద్యము: ఇదియే చాలకాలము అతని దినచర్య.

1869లో బాగ్‌బజారు యువకులు దీనబంధు మిత్రుని సధవార్ ఏకాదశి అను నాటకమును ప్రదర్శించిరి. అది చదువుకొన్న యువకుల మద్యపానమును ఎత్తిపొడుచుచు వ్రాయబడినది. అందులో త్రాగుడువలన చెడిపోయిన విద్యావంతుడైన నిమచందు వేషమును గిరీశుడు ధరించి, నగరమంతట పేరు గడించెను. విధి వింతలు ఇట్లుండును. త్రాగుబోతు పాత్రను అంత చక్కగ అభినయించినవానికి ఆ పాత్ర నటన మాత్రమే కాదని గ్రహించుటకు ఇంకను చాలకాలము పట్టెను.

ముప్పదియేండ్లు నిండునప్పటికి కష్టములు కూడబలుక్కొని వచ్చినట్లు వచ్చినవి. పనిచేయుచున్న కంపెనీ మూతపడెను. ప్రమోదిని ఇద్దరు బిడ్డలను విడిచి కన్నుమూసెను. గిరీశుడు ఫ్రైబర్గర్ కంపెనీ తరపున సరకు కొనుటకై భాగల్‌పూరు వెళ్ళెను. అప్పటికతడు దైవమును నమ్మని వాడు. ఆ ప్రాంతమున ఒకనాడు మిత్రులతో లోతైన గండిలోనికి దిగి, వెలుపలికి దారి కానక చిక్కుపడెను. అందరితోపాటు తానును దేవుని పిలిచెను. ఎటులో దారి దొరకెను. ఒడ్డున నిలిచి అతడు చేసిన నిశ్చయము మాత్రము విచిత్రమైనది: నేడు భయముచేత పిలిచితిని, ఇక పిలిచినచో ప్రేమచేతనే పిలుతును గాని భయముచేత పిలువనని. నాస్తికుని మాటవలె కనబడుచున్నను ఇందులో ఒక నిజాయితీ యున్నది. గిరీశునిలో తుదివరకు చెడనిది ఆ నిజాయితీయే.

పిదప సూరతకుమారిని రెండవ భార్యగ స్వీకరించెను. కొలదినెలలకే విషూచి తగిలి, వైద్యులు ఆశ విడిచిరి. స్పృహ తప్పిన స్థితిలో ఎఱ్ఱ అంచు చీర కట్టుకొన్న ఒక మాతృమూర్తి దగ్గరకు వచ్చి నోట ప్రసాదము పెట్టినట్లు చూచెను, వ్యాధి నెమ్మదించెను. ఆమె యెవరో అప్పుడు తెలియలేదు. పార్కర్ కంపెనీలో లెక్కల ఉద్యోగము కుదిరినది. నెలకు 150 రూపాయలు, ఆ రోజులలో మంచి జీతము.

ఇక నాటకశాల సంగతి. 1872లో డబ్బు పుచ్చుకొని టిక్కెట్లమ్మి నేషనల్ థియేటరను పేరుతో నాటకశాల తెరువవలెనని మిత్రులు సంకల్పించినప్పుడు, తగిన రంగసామగ్రి లేకుండ అంత పెద్దపేరు పెట్టుకొనుట నగుబాటని గిరీశుడు వారినుండి తొలగెను. అట్టివాడు 1880 ప్రాంతమున, ప్రతాపచంద్ జౌహరి అను వర్తకుడు ఆ నాటకశాలను కొనగా, 150 రూపాయల ఉద్యోగము విడిచి 100 రూపాయల జీతమునకు అందులో మేనేజరుగ చేరెను. పెద్దలకు ఇది పిచ్చిగా తోచియుండును. వర్తకుడు లాభనష్టములెరిగినవాడు, వారము వారమును క్రొత్త ఆట కావలయును, ఉన్న నాటకములు చాలవు. కనుక మేనేజరే నాటకములు వ్రాయవలసి వచ్చెను. గిరీశుని ఎనుబదివరకు రచనలలో అనేకము ఇట్టి అవసరమునుండి పుట్టినవే. అటునిటు నడచుచు ఆశువుగ చెప్పుచుండగా వ్రాయసకాడు వ్రాసికొనెడివాడు. కలము సిరాలో ముంచుటకు వ్యవధి చాలక, వ్రాయసకాడు చెక్కిన పెన్సిళ్ళను సిద్ధముగ ఉంచుకొనెడివాడట. రాత్రి చెప్పిన నాటకమును పగలు నటులకు నేర్పవలెను. పాటలు కట్టించి, తెరలు వ్రాయించి, తానును వేషము కట్టవలెను. జనము రాని రాత్రి దీపముల ఖర్చైనను రాదు. చిన్న వ్యాపారము నడుపు గృహస్థులకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు.

1883 జులై 21వ తేదీన బీడన్ వీధిలో స్టార్ థియేటరు దక్షయజ్ఞముతో ప్రారంభమయ్యెను. గుర్ముఖ్ రాయ్ అను యువకుడు పెట్టుబడి పెట్టెను. ప్రధాననటి వినోదిని, ఆమెను తీర్చిదిద్దినవాడు గిరీశుడే. కొలదికాలమునకే గుర్ముఖుడు వైదొలగగా, 11,000 రూపాయలకు ఆ నాటకశాల గిరీశుని సహచరులైన నలుగురి వశమయ్యెను. అన్నిటికి మూలమైన గిరీశుడు మాత్రము వాటా పుచ్చుకొనలేదు. పనిచేయుటయే తన వంతు, యాజమాన్యము వారిదని నిశ్చయించుకొనెను.

1884 ఆగస్టులో చైతన్యలీల ప్రదర్శితమయ్యెను. నగరమున సంకీర్తనము వెల్లివిరిసెను. ఈ వార్త దక్షిణేశ్వరమునకు చేరెను. సెప్టెంబరు 21వ తేదీన శ్రీరామకృష్ణులు ఆ నాటకమును చూచుటకు స్వయముగా విచ్చేసిరి. నటీమణులు వేశ్యావాటికలనుండి వచ్చినవారని తెలిసియు, వారిలో జగన్మాతనే చూచుచు వారు వెళ్ళిరి. అంతకుముందు రెండుమారులు గిరీశుడు వారిని చూచియుండెను గాని నమ్మకము కుదరలేదు. ఆనాడు స్వాగతమీయబోవగా గురుదేవులే ముందు నమస్కరించిరి. గిరీశుడు ప్రతినమస్కారము చేసెను. వారు మరల వంగిరి. అతడు మరల వంగెను. వారు ఇంకొకసారి వంగిరి. చివరకు ఈ పందెమున గెలువజాలనని గిరీశుడు మనసులోనే నమస్కరించి ఊరకుండెను. ప్రపంచమున అస్త్రములెన్నియో ఉండగా వినయమను అస్త్రముతో తనను లొంగదీసిరని తరువాతి కాలమున అతడు తలచుకొనుచుండెను.

లొంగుట వేరు, మారుట వేరు. ఒకరాత్రి పీకలదాక త్రాగి బండి ఎక్కి దక్షిణేశ్వరమునకు పోయెను. అంత రాత్రివేళ త్రాగినవానికి తలుపు తీయువారెవరు? గురుదేవులు తలుపు తెరచి, అతని చేతులు పట్టుకొని భగవన్నామము పాడుచు నాట్యమాడిరి. మరియొకనాడు త్రాగివచ్చినప్పుడు బండిలో మరచిన సీసాను, గ్లాసును తెప్పించి ఉంచిరి. తెల్లవారి మత్తు దిగినపిమ్మట వాటిని చూచి గిరీశుడు సిగ్గుతో కుంచించుకుపోయెను. మానుమని ఒక్కమాటయైనను వారు చెప్పలేదు. అతనిచే మాన్పింపుమని భక్తులు కోరినప్పుడు, అది మీ పని కాదు, ఎన్నాళ్ళు త్రాగునో త్రాగనిండు, అతని సంగతి చూచువారు వేరొకరున్నారు అన్న భావముతో వారిని వారించిరి.

ఇది చదివి, త్రాగుటకు గురుదేవులు అనుమతి ఇచ్చిరని ఎవరైన అనుకొనినచో అంతకంటె పొరపాటు లేదు. వెల్లుల్లి నూరిన గిన్నె ఎంత కడిగినను వాసన వీడదని వారు ఒకసారి గిరీశునే ఉద్దేశించి చెప్పిరి. అతడు నొచ్చుకొని, ఆ వాసన ఎన్నటికైనను పోవునాయని అడిగెను. నిప్పులో కాల్చినచో పోవునని, మండుచున్న అగ్ని ముందు ఏ వాసనయు నిలువదని అభయమిచ్చిరి. మురికిని మురికియనియే చెప్పిరి. గిన్నెను మాత్రము పారవేయలేదు. ఆ రెంటికిని గల తేడా మన గృహములలో చాలమందికి పట్టుబడదు. త్రాగు భర్తను, కొడుకును గద్దించువారు కొందరు. తలుపు మూయువారు కొందరు. తప్పును కప్పిపుచ్చువారు కొందరు. ఈ నాలుగవ మార్గము కష్టమైనది.

ఎంత కష్టమైనదో ఒక ఘట్టమువలన తెలియును. గురుదేవులు నాటకశాలకు వచ్చిన ఒక రాత్రి, గిరీశుడు త్రాగిన మైకమున, తనకు కొడుకై పుట్టుమని పట్టుబట్టెను. వారు అంగీకరింపలేదు. అంతట అతడు నోటికి వచ్చినట్లు దూషించెను. వెంటనున్న భక్తులు క్రుద్ధులైరి. అట్టివాని మొగము చూడరాదని పలువురు పలికిరి. రామచంద్ర దత్తు మాత్రము కాళియుని కథ గుర్తుచేసెను: భగవంతుడు పామునకు విషమునే ఇచ్చినప్పుడు అది అమృతమును ఎక్కడనుండి తెచ్చి అర్పించును? గిరీశుడును తనకున్నదే సమర్పించెనని అతని వాదము. ఆ మాట వినినదే తడవుగ గురుదేవులు బండి తెప్పించి, ఎండను లెక్కచేయక గిరీశుని ఇంటికి బయలుదేరిరి. అక్కడ గిరీశుడు చేసిన అపరాధమునకు కుమిలి అన్నము ముట్టక కూర్చుండియుండెను. తన వాకిట వారే నిలిచియుండుట చూచి అతనికి కలిగిన భావమును వర్ణించుట నాకు శక్యము కాదు.

ఇంక వకాల్తా సంగతి. ఉదయసాయంకాలములందు భగవంతుని తలచుకొమ్మని గురుదేవులు చెప్పిరి. గిరీశుడు ఆలోచనలో పడెను. నాటకశాల పనివాడు, ఎప్పుడు నిద్రించునో, ఎప్పుడు లేచునో అతనికే తెలియదు. మాటయిచ్చి తప్పుట అతనికిష్టము లేదు. పోనిమ్ము, భోజనమునకును నిద్రకును ముందు తలచుకొమ్మనిరి. అదియు చేయుదునని చెప్పలేకపోయెను; వ్యాజ్యముల తొందరలో తినుటయే మరచెడి దినములుండెను. చివరకు గురుదేవులు, అట్లయినచో నీ భారము నాకు వకాల్తా ఇమ్మని అడిగిరి. గిరీశుడు ఎగిరి గంతేసెను. ఏ నియమమును లేదు, ఏ జపమును లేదు, ఇంతకంటె సులువైన బేరమున్నదా?

లెక్కలు వ్రాసిన చేతికి ఆ బేరములోని మర్మము నెమ్మదిగా తెలిసివచ్చెను. ఒకనాడు ఏదియో పనిని గూర్చి నేను చేసెదనని అనగా, గురుదేవులు వెంటనే సవరించిరి. భారమిచ్చినవానికి నేను చేసెదనను అధికారమెక్కడిది? భగవదిచ్ఛయైనచో జరుగునని మాత్రమే అనవలెను. అప్పటినుండి అడుగడుగునను ఇదే చిక్కు. చేయిచాచునప్పుడు ఇది తన బలమున చేయుచున్నాడా, వకాల్తా ఇచ్చిన వాని బలమున చేయుచున్నాడా యని చూచుకొనవలసి వచ్చెను. రెండుమారులు తలచుకొనుటకు జంకినవాడు ప్రతి ఊపిరియందును తలచుకొనుటకు కట్టుబడెను. జపతపములకు ఎన్నడో ఒకనాడు ముగింపున్నది, ఈ పనికి ముగింపు లేదని వృద్ధాప్యమున అతడు యువకులకు వివరించుచుండెను. అతనిని పానమునుండి విడిపించినది ఈ లోపలి కాపలాయే యని నా అభిప్రాయము. అది ఒక్కనాటితో జరిగిన పని కాదు. పడుచు, లేచుచు, సంవత్సరములు గడచిన తరువాత ఆ కోరిక తనంతట వాడిపోయెను.

నాటకరంగమును విడిచిపెట్టుదునని అతడు కోరినప్పుడు కూడ గురుదేవులు ఒప్పుకొనలేదు. దానివలన లోకులకు మేలు కలుగుచున్నదని చెప్పి, ఆ పనినే చేయుమనిరి. బుద్ధదేవచరితము, విల్వమంగళము మొదలైన నాటకములు ఆ కాలమున వెలువడినవి. విల్వమంగళుడనగా మనవారెరిగిన లీలాశుకుడే. తెలుగుదేశమున కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి నాటకము చూచినవారికి ఆ కథ క్రొత్తది కాదు. వేశ్యాసక్తుడై పరమభక్తుడుగ మారిన వాని కథను గిరీశుడు తన అనుభవముతో నింపెను. స్వామి వివేకానందులు ఆ నాటకమును ఎన్నియో మారులు చదివి ఎంతగానో మెచ్చుకొనిరి.

గురుదేవులు కంఠవ్రణముతో కాశీపురోద్యానమున ఉన్న దినములలోని చిన్న సంగతి యొకటి నాకు మిక్కిలి ప్రియమైనది. 1886 ఏప్రిల్ మాసము. లేచి నిలువ శక్తిలేని స్థితిలో వారు గిరీశునకై అంగడినుండి వేడివేడి కచోరీలు తెప్పించి తినిపించిరి. అతనికి దాహమగునని, పడకనుండి తామే జరిగిపోయి, కూజానుండి నీరు వంచి, చల్లగా నున్నదో లేదో చేతిలో పోసికొని చూచి, గ్లాసు అందించిరి. ఆ సంవత్సరమే జనవరి 1వ తేదీన అదే తోటలో గిరీశుడు మోకరిల్లి, వ్యాసవాల్మీకులే పొగడజాలని మహిమను తానేమని చెప్పగలనని గద్గదస్వరమున విన్నవింపగా, గురుదేవులు భావావేశమున భక్తులందరికి చైతన్యము కలుగునట్లు ఆశీర్వదించిన కల్పతరు దినము లోకవిదితమే. కాని దాహమెరిగి అందించిన నీళ్ళు మద్యమునకు విరుగుడైనంతగా మరి యేది కాగలదు?

ఆగస్టు 16వ తేదీన గురుదేవులు మహాసమాధి చెందిరి. మరుసటి యేడు స్టార్ థియేటరునకు ఆపద మూడెను. గోపాలలాల్ శీల్ అను ధనికుడు ఆ స్థలమును చేజిక్కించుకొనగా, నిర్వాహకులు తమ పేరును మాత్రము ఉంచుకొని 30,000 రూపాయలకు కట్టడమును విడిచిపోవలసి వచ్చెను. శీలుగారు అదే భవనమున ఎమరాల్డ్ థియేటరును పెట్టి, గిరీశునికి 20,000 రూపాయల బహుమానమును, నెలకు 350 రూపాయల జీతమును ఈయజూపిరి. పోకున్నచో తనవారిని ఇంకను బాధింతురని గ్రహించి అతడు అంగీకరించెను. పుచ్చుకొన్న 20,000లో 16,000 రూపాయలను తన పాత సహచరుల చేతిలో పెట్టెను, క్రొత్త స్టార్ కట్టుకొమ్మని. తాను వాటాదారు కాడు. పత్రము లేదు, వడ్డీ లేదు. 1888 మే 25వ తేదీన హాతీబాగానున క్రొత్త నాటకశాల తెరువబడినప్పుడు ఆడిన నసీరామ్ నాటకమును కూడ అతడే వ్రాసి ఇచ్చెను. ఒప్పందము అడ్డగుటచే తన పేరు పెట్టక సేవకుడని మాత్రము వేయించెను.

ఇంటిలో మృత్యువు మాత్రము ఊరకుండలేదు. రెండవ భార్య ఒక మగబిడ్డను కని, కొలదికాలములో పోయెను. ఆమె కన్న ఆడుబిడ్డలును దక్కలేదు. మిగిలిన ఆ పసివానిని చూచి, కొడుకై పుట్టుమన్న తన కోరిక గురుదేవులు చెల్లించిరని గిరీశుడు నమ్మెను. ఆ శిశువు మాటలాడడు. గురుదేవుల పటమును చూపినగాని ఊరుకొనడు. శారదామాత కలకత్తా ప్రాంతమున బసచేసియుండగా అచ్చటికి తీసికొనిపోయినప్పుడు, మేడపై మాత యున్న దిక్కునకు చేయి చూపి ఏడ్చి, పైకి ఎత్తుకొనిపోగా ఆమె పాదములకడ పడెను. పిదప దిగివచ్చి తండ్రి చేయి పట్టి లాగెను. తాను పాపినని మాత మొగమువంక ఎన్నడును చూడని గిరీశుడు, ఆ పసివాడు ఈడ్చుకొనిపోగా పోయి సాష్టాంగపడెను. మూడేండ్లయినను నిండకుండ ఆ బిడ్డడును కన్నుమూసెను. ఆ వ్యాధిలోనే, బిడ్డ సేవకై నాటకశాలకు సరిగ రాకున్నాడని, 1891లో స్టారు యజమానులు గిరీశుని పనినుండి తొలగించిరి. పదునారువేలు పుచ్చుకొన్న చేతులే అవి.

ఇట్టి వేళ పూర్వపు గిరీశుడైనచో ఏమి చేసియుండునో చెప్పనక్కరలేదు. ఈ గిరీశుడు గణితశాస్త్ర గ్రంథములు ముందు వేసికొని లెక్కలు చేయుచు కూర్చుండెను. మనస్సునకు ఏదో పని కల్పింపవలెను. అది దుఃఖమును మరపింపవలెను, మత్తు కారాదు. తరువాత స్వామి నిరంజనానందులు అతనిని జయరామవాటికి, శారదామాత సన్నిధికి, తీసికొనిపోయిరి. ఆమె మొగమును తేరిపారచూచినంతనే, విషూచివేళ తన నోట ప్రసాదము పెట్టిన మూర్తి ఆమెయే యని పోల్చుకొనెను. ఆమె ఎట్టి తల్లియని అడుగగా, పేరునకు తల్లిని గాను, గురుపత్నిగ మాత్రము తల్లిని గాను, నిజమైన తల్లినే యని మాత సెలవిచ్చెను. కొన్ని నెలలు ఆ పల్లెలో గడపెను. పడకమీది దుప్పటి రోజును తెల్లగ నుండుట చూచి ఆరాతీయగా, మాతయే స్వయముగా చెరువుకడ సబ్బుతో ఉదుకుచున్నదని తెలిసెను. కన్నతల్లి చాటుగా ప్రేమించిన బిడ్డకు నలుబదియేడవ ఏట ఇట్టి తల్లి లభించెను. సన్న్యసింతునని అతడెంత వాదించినను ఆమె అంగీకరింపలేదు. మరల కలకత్తాకే, నాటకములకే, పంపివేసెను.

1893 జనవరి 28వ తేదీన మినర్వా థియేటరు అతడు అనువదించిన మాక్‌బెత్‌తో ప్రారంభమయ్యెను. పండితులు మెచ్చిరి, జనము రాలేదు. గిరీశుడు నిరుత్సాహపడక, పాటలును హాస్యమును గల అబూహుసేన్ వ్రాసి శాలను నింపెను. ఆ తరువాత జనా నాటకము. కొడుకును పోగొట్టుకొన్న తల్లి కథ అది.

ఇతని సాంఘిక నాటకములలో మేటి ప్రఫుల్ల. 1889లో స్టారునందు మొదట ఆడినది. యోగేశుడను వర్తకుడు కష్టపడి పైకివచ్చిన సత్యసంధుడు. తమ్ములను పెంచి పెద్దచేసినవాడు. ధనముంచిన బ్యాంకు మునిగినదను వార్త వచ్చుటతో ఆ రాత్రి మద్యము ముట్టుకొనును. ఇక లేవలేడు. న్యాయవాదియైన తమ్ముడు ఆ మత్తును సాధనముగ చేసికొని ఆస్తిని కాజేయును. భార్య వీధులపాలై ప్రాణము విడుచును; నట్టింట దీపము వంటి మరదలు ప్రఫుల్ల హతమగును. ఇందులో మద్యమును నిందించు ఉపన్యాసములు లేవు. మంచివాడొకడు మెట్టు మెట్టుగా జారుట మాత్రమే యున్నది. తరువాత మినర్వాలో ఆ యోగేశుని వేషమును గిరీశుడే ధరించెను. 1869లో నిమచందుగ నవ్వించినవాడు, ఇరువదియైదేండ్లు దాటిన పిదప యోగేశుడై ప్రేక్షకులను ఏడ్పించెను. మొదటిది త్రాగుచున్నవాని అభినయము. రెండవది దాటివచ్చినవాని అభినయము.

1897లో స్వామి వివేకానందులు బలరామ బోసుగారింట శిష్యునకు వేదము పాఠము చెప్పుచుండగా గిరీశుడు వచ్చెను. వేదవేదాంతములు సరే, దేశమున తిండిలేని ఇండ్లు, చెఱచబడిన స్త్రీలు, అనాథలైన బిడ్డలు ఉన్నారే, దీనికి ఆ గ్రంథములలో మందున్నదా యని నిలవేసెను. స్వామివారు సమాధానము చెప్పలేక కన్నీరు నింపుకొని బయటకు వెళ్ళిపోయిరి. ఆ శిష్యుని వంక తిరిగి, స్వామిని పాండిత్యమునకు గాక ఈ హృదయమునకై తాను ప్రేమించుచున్నానని గిరీశుడు చెప్పెను. తానును ఊరకుండలేదు. హోమియోపతి వైద్యము నేర్చి పేదలకు మందులు ఉచితముగ ఇచ్చెడివాడు. ఉబ్బసముతో తనకే ఊపిరాడని రాత్రులు కూడ ఇరుగుపొరుగు రోగుల సంగతి విచారించుచుండెను.

1905లో వరకట్నపు ఘోరమును గూర్చిన బలిదానమును, సిరాజుద్దౌలాను వ్రాసెను. పిదప మీర్‌కాసిమ్, ఛత్రపతి శివాజీ. వంగదేశవిభజనమునాటి ఈ దేశభక్తి నాటకములను ప్రభుత్వము 1911లో నిషేధించెను. శంకరాచార్య, తపోబలము కడపటి రచనలలోనివి. తపోబలమును, తన వీధిలోనే నివసించి ఆ యేడు అక్టోబరులో అస్తమించిన సోదరి నివేదితకు అంకితమిచ్చెను.

1911 జులై 15వ తేదీ రాత్రి మినర్వాలో బలిదానము ఆడవలసియుండెను. కుంభవృష్టి. వచ్చిన ప్రేక్షకులు కొద్దిమంది. కన్నెల తండ్రియైన కరుణామయుని వేషము గిరీశునిది. ఆ పాత్రకు పలుమారులు ఒడలిపై బట్టలేకుండ రంగమునకు రావలెను. ఉబ్బసరోగికి అది తగదని, ఆట ఆపుమని మిత్రులు వేడిరి. ఆ వానలో డబ్బిచ్చి వచ్చినవారిని వట్టిచేతులతో పంపుటకు అతడు సమ్మతింపలేదు. వేషము వేసెను. అదే చివరి వేషము. ఆ రాత్రి పట్టిన జలుబు ఉబ్బసమును ముదిరించెను, తరువాత కోలుకొనలేదు. 1912 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి గురుదేవుల నామము స్మరించుచు దేహము చాలించెను. ప్రమోదిని కన్న కుమారుడు సురేంద్రనాథుడు, జనులందరు దానీబాబని పిలుచువాడు, తండ్రి వేషములను అందుకొని వంగరంగస్థలమున పేరుమోసెను.

బాగ్‌బజారులో గిరీశుని ఇల్లుండిన వీధిని తరువాతి కాలమున విశాలపరచి, ఆతని పేరే పెట్టిరి. పాత ఇంటిలో కొంతభాగమును కూల్చక విడిచిరి. నేడును గిరీశ్ అవెన్యూలో ఇరుప్రక్కల బండ్లు పోవుచుండగా, నడివీధిలో ఆ ఇల్లు నిలిచియున్నది. ఒక ఎండవేళ శ్రీరామకృష్ణులు బండి దిగి వచ్చిన ఇల్లది.